పిల్లి రాట్నం

మా కాలనీలో పిల్లి అడ్డం వస్తే మగవాళ్లు డ్యూటీకి కదలరు. అంటే పూర్తిగా మానేస్తారని కాదు. వెనక్కి ఇంటికొచ్చి, కాసేపు కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరతారు. ఈలోపు సైరన్ మోగిపోతుంది, బొగ్గుబాయి దగ్గర ఆలస్యమైందని తిట్లు పడతాయి. ఆ కోపమంతా సాయంత్రానికి పిల్లిని పెంచుకునే ఇంటి మీదికి వస్తుంది. భూపాలపల్లిలో ఆ ఇల్లు మాదే.

నేల మీద ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది. నవ్వుకోండి. బాయి దిగేవాడి ఇంట్లో ఒక్క పొద్దుటిపూట ఉండి చూస్తే తెలుస్తుంది, వెళ్లేవాడికీ పంపేవాళ్లకీ ఎన్ని భయాలో. ఎవరైనా తుమ్మితే ఆగాలి. ఎక్కడికని అడగకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా రెండు ఎదురు రాకూడదు. ఒకటి పిల్లి. రెండోది మొగుడు పోయిన ఆడది. ఆ రెండోదాని గురించి నేను చాలా ఏళ్లు పట్టించుకోలేదు, మా ఇంట్లో అలాంటివాళ్లు ఎవరూ లేరు కాబట్టి.

పిల్లిని తెచ్చింది మా నాన్న, బాపు అనేవాళ్లం. మాది మహబూబాబాద్ వైపు పల్లె. బాయిలో పని దొరికాక బాపు మమ్మల్ని తీసుకొచ్చి ఈ రెండు గదుల క్వార్టర్‌లో పెట్టాడు. ఒక వానాకాలం డ్యూటీ దిగి వస్తూ సద్ది సంచిలో పిల్లికూనను వేసుకొచ్చాడు. పంపు షెడ్డు వెనకాల తడిసి ముద్దయి అరుస్తోందట. మా అమ్మ, అవ్వ అని పిలిచేవాళ్లం, సంచిలో చెయ్యి పెట్టి అదిరిపడింది.

"ఓయమ్మ! బాయికాడికెళ్లి బొగ్గు తెస్తరు గని పిల్లిని తెస్తరా ఎవలన్న?"

"బొగ్గు పాలు తాగదు గదనే" అన్నాడు బాపు.

దానికి పేరు కూడా పెట్టనివ్వలేదు. పిల్లికి పిల్లి అనే పేరు ఉండగా ఇంకో పేరెందుకని ఆయన వాదన. బూడిద రంగు ఒళ్లు, నల్ల చారలు. పెరిగేకొద్దీ దానికి ఒక అలవాటు పట్టుకుంది. పొద్దున సైరన్ మోగి బాపు బూట్లు తొడుక్కోగానే తోక నిటారుగా లేపి ఆయనతో పాటు బయల్దేరేది. ఓసారి ముందు, ఓసారి వెనక, ఓసారి కాళ్లకు అడ్డం పడుతూ గల్లీ చివరిదాకా వెళ్లి, అక్కడ కూర్చుని, ఆయన మలుపు తిరిగాక ఇంటికొచ్చేది. గల్లీలో అందరూ మొత్తుకునేవారు. బాపు వింటేనా!

"పిల్లి శాపాలకు ఉట్లే తెగవు. పిల్లి నడిస్తె బాయి కూలుతదా?" అనేవాడు.

ఒక ఎండాకాలం పొద్దున పక్క క్వార్టర్ పెద్దమ్మ వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లుతోంది. ఆమె భర్త, ఇద్దరు కొడుకులూ బాయి పనివాళ్లే. పిల్లి బాపు ముందు నుంచి అడ్డంగా ఉరకడం చూసి చెంబు కింద పెట్టింది. "తమ్మీ, అడ్డమొచ్చిందయ్యా! జర వాపస్ వచ్చి ఇన్ని నీళ్లు తాగి పో" అంది. బాపు నవ్వి చెయ్యి ఊపాడు. అవ్వ గడపలో నిలబడి ఉంది. నేను ఆమె వెనకాల జడ వేసుకుంటున్నాను. ఆ నవ్వే మేము చివరిసారి చూసింది. పగటి అన్నాల వేళకు బాయిలో పైనుంచి బండ విరిగి పడిందని కబురు వచ్చింది. బాపును చాపలో చుట్టి తెచ్చారు.

దినాలకు వచ్చినవాళ్లలో బండ ఎందుకు పడిందని ఒక్కరూ అడగలేదు. పిల్లి ఎందుకు అడ్డమొచ్చిందని మాత్రం అందరూ అడిగారు. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. అవ్వ మాత్రం పిల్లిని ఒక్క మాట అనలేదు, ఒక్క దెబ్బ కొట్టలేదు. దాన్ని ఎత్తుకుని లోపలి గదిలో వేసి తలుపు పెట్టింది. "ఇగ ఇది ఇంకెవ్వల తొవ్వకు అడ్డం పోవద్దు" అంది.

బాపు ఉద్యోగం మా అన్నకు వచ్చింది. అదే బాయి, అదే పొద్దుటి షిఫ్టు. అన్న డ్యూటీకి వెళ్లిన మొదటి పొద్దున అవ్వ చీకటితో లేచి సద్ది కట్టి, సంచిని బయటి గదిలో కిటికీ మీద పెట్టింది. అన్న బూట్లు చేతికి తీసుకోగానే పిల్లిని చంకనేసుకుని లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

"అవ్వా, పోయొస్తనే" అన్నాడు అన్న మూసిన తలుపుతో.

"పైలం బిడ్డా" అని తలుపు లోపలి నుంచే వినిపించింది.

అన్న నా వైపు చూశాడు. నాకు అప్పుడు అర్థమైంది, ఎదురు రాకూడని ఆ రెండోది ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

అప్పటి నుంచి ప్రతి పొద్దునా అంతే. ఒక్క అన్న విషయంలోనే కాదు, గల్లీలో ఎవరికీ ఎదురు పడకూడదని అవ్వ బయటికి పోవడమే మానేసింది. బాయికి మూడు షిఫ్టులు. మా కాలనీలో ఏ వేళప్పుడు చూసినా ఎవరో ఒకరు సద్ది సంచి పట్టుకుని డ్యూటీకి పోతూనే ఉంటారు. ఇక ఆమె బయటికి వచ్చేది ఎప్పుడు? నల్లా నీళ్లు నేను పట్టాలి, కూరగాయలు నేను తేవాలి. నేను ఆ ఊళ్లోనే ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఇంటికొచ్చేసరికి అవ్వా, పిల్లీ ఒకే కిటికీ ఊచలకు ఆనుకుని కూర్చుని ఉండేవాళ్లు.

పిల్లి పాడైపోయింది. పొట్ట వేలాడేసింది. కడుపు కింద బొచ్చంతా నాకి నాకి బోడి చేసుకుంది. సైరన్ మోగితే చాలు, బాపు బూట్ల చప్పుడని అనుకుంటుందో ఏమో, తలుపును గోళ్లతో గీకుతూ చంటిపిల్లలా ఏడ్చేది. పశువుల దవాఖానకు సంచిలో పెట్టుకుని తీసుకెళ్లాను. డాక్టరు కళ్లూ పళ్లూ చూసి, "దీనికి రోగం లేదమ్మా, ఉరుకుడు లేదు. రోజు ఇంత ఉరికితె మంచిగైతది" అన్నాడు. ఎక్కడ ఉరుకుతుంది? వంటింటి నుంచి కిటికీకి నాలుగు అంగలు. మా పల్లెకు పంపిద్దామంటే అవ్వ ఒప్పుకోలేదు.

"మీ బాపు సద్ది సంచిల వచ్చింది. ఎవ్వలకియ్య" అంది.

అన్న ఇంటర్నెట్ సెంటర్‌లో ఒక వీడియో చూసొచ్చాడు. ఇంట్లోనే ఉండే పిల్లులకు పెద్ద చక్రం పెడతారట, పిల్లి దాని లోపల ఎక్కి ఉరుకుతూ ఉంటే చక్రం తిరుగుతుంది, పిల్లి ఉన్నచోటనే ఉంటుంది. అవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. "జాతరల రాట్నం లెక్కనా?" అంది. ఆ రోజు నుంచి దాని పేరు రాట్నమే.

అలాంటివి మా దగ్గర ఎక్కడ దొరుకుతాయి? అన్న సొంతంగా చెయ్యడం మొదలుపెట్టాడు. మొదట ప్లాస్టిక్ నీళ్ల డ్రమ్ము కోసి దానికి సైకిల్ హబ్బు బిగించాడు. పిల్లి ఎక్కింది గానీ అందులో దాని వీపు కొడవలిలా వంగిపోయింది. రెండడుగులు వేసి దిగి, మూలకు పోయి అలిగి కూర్చుంది. "గా డ్రమ్ము చిన్నగైందిరా, నడుం ఇరుగుతది. అది నడిస్తె వీపు సాపుగుండాలె" అంది అవ్వ. రెండోది సైకిల్ రిమ్ములు రెండు తెచ్చి మధ్యలో చెక్క పట్టీలు కొట్టి చేశాడు. పట్టీకీ పట్టీకీ మధ్య సందు. ఆ సందులో పిల్లి కాలు ఇరుక్కుని అది పెట్టిన కేకకు పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. అవ్వ ఆ పట్టీలన్నీ సుత్తితో ఊడగొట్టి పొయ్యిలో పెట్టేసింది.

మూడోసారి అన్న పాత సామాన్ల దుకాణం నుంచి లావు కేబుల్ చుట్టే చెక్క డ్రమ్ము ఒకటి తోపుడు బండి మీద వేసుకొచ్చాడు. దాని గుండ్రటి చెక్కలు నా నడుము దాకా ఉన్నాయి. మధ్యలో కేబుల్ చుట్టే దుంగ తీసేసి, వెనక వైపు చెక్క అలాగే ఉంచి, ముందు వైపు చెక్కకు నడిమధ్య పిల్లి ఎక్కేంత కంత కోసి, చుట్టూ సన్నటి ప్లైవుడ్ సందు లేకుండా వంచి బిగించాడు. లోపలంతా గోళ్లు పట్టు దొరికేలా పీచు పట్టా అంటించాడు. పాత బైకు బేరింగుకు గ్రీజు పెట్టి స్టాండు మీద నిలిపి, అది ఒరిగిపోకుండా అడుగున ఇనుప ముక్కల బరువు వేశాడు. తలుపులోంచి పట్టక పక్కకు వంచి తోస్తుంటే గల్లీ అంతా చేరింది.

"పిల్లికి రాట్నమా! మా పిలగాండ్లకు జాతరల రాట్నం ఎక్కిచ్చే దిక్కు లేదు" అంది పెద్దమ్మ.

"నీ పిలగాండ్లను గూడ తోలియ్యి పెద్దమ్మా, ఒక రౌండు తిప్పి పంపిస్తం" అన్నాను. నా నోరు అంతే.

రాట్నం వచ్చింది కదా అని పిల్లి ఎక్కి ఉరకదు. అన్న దాన్ని ఎత్తి అందులో వేసి తోశాడు, అది మంచం కిందికి పోయి అన్నానికి కూడా రాలేదు. అప్పుడు అవ్వ ఆ పని తన చేతిలోకి తీసుకుంది. చక్రం కదలకుండా ఒక కట్టె అడ్డం పెట్టి, బాపు పాత తువ్వాలు లోపల పరిచి ఊరికే వదిలేసింది. కొన్నాళ్లకు పిల్లి వెళ్లి ఆ తువ్వాలు మీద పడుకుంది. ఆ తర్వాత తువ్వాలు తీసి, కట్టె తీసి, ఎండుచేప ముక్క చేత్తో పట్టుకుని దాని ముక్కుకు కొంచెం ముందు పెట్టేది. అది ఒకడుగు వేస్తే చక్రం ఇంత కదిలేది. భయపడితే ఆపేసేది. పాలు తాగినాక ఎక్కనిచ్చేది కాదు, కక్కుకుంటుందని. ఆయాసం వస్తే కట్టె పెట్టేసేది. "ఉరుకు బిడ్డా, ఉరుకు, శాబాష్" అనేది. ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి పిల్లి చెవులు వెనక్కి పెట్టి గుర్రంలా ఉరుకుతోంది, అవ్వ నేల మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది. బాపు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. నేను చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి అలాగే చూస్తూ నిలబడ్డాను.

పిల్లి కడుపు లోపలికి పోయింది. బొచ్చు మళ్లీ వచ్చింది. సైరన్ మోగితే తలుపు గీకడం మానేసి రాట్నం ఎక్కేది. కానీ నేను సంతోషపడింది ఎక్కువ కాలం నిలవలేదు. పొద్దున అన్న బూట్లు తొడుక్కుంటుంటే లోపలి గదిలో గరగరమని చక్రం మొదలయ్యేది. అవ్వే పిల్లిని దాని లోపల పెట్టేది. ఆ చప్పుడులో అన్న "పోయొస్తనే" అన్నదీ, గేటు వేసుకుని పోయిందీ ఆమెకు వినపడదు. ఒక పొద్దున నేను ఆగలేక ఆ తలుపు దబదబా బాదాను.

"అవ్వా! కన్న కొడుకుకు నువ్వు అపశకునమానే? ఎవలు చెప్పిన్రే నీకు? జర బయటికి రా!"

చక్రం ఆగింది. తలుపు తీసింది గానీ గడప దాటలేదు. మెల్లగా అంది: "నిజమో అబద్ధమో నాకు తెల్వదు బిడ్డా. తెల్వనిదాంతోని ఆటలాడొద్దు. మీ బాపు నవ్వి పోయిండు. ఒక్కన్ని పోగొట్టుకున్న, ఇగ వీన్ని పోగొట్టుకోను."

నేను బడిలో పాఠం చెప్తే పిల్లలు నోరు మూసుకుని వింటారు. ఆ రోజు అవ్వ చెప్పిన పాఠం విని, సంచి తీసుకుని బడికి పోయాను.

అలా ఉండగా తెలంగాణ సమ్మె వచ్చింది. రాష్ట్రం ఇచ్చేదాకా ఎవరూ పనిలోకి పోవద్దన్నారు. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి, మా బడికి తాళం పడింది, చివరికి బాయిలు కూడా ఆగాయి. చౌరస్తాలో టెంటు వేసి దీక్షలో కూర్చున్నారు. గల్లీలో సద్ది సంచి పట్టుకుని పోయేవాడు ఒక్కడూ లేడు. మూడు రోజులు అవ్వ కిటికీలోంచి చూసింది. నాలుగో రోజు అన్నను పిలిచింది.

"ఇయ్యాల డ్యూటీకి ఎవలన్న పోతున్నరా?"

"ఎవ్వలు పోతలేరే."

"మాపటి షిఫ్టుకు?"

"ఏ షిఫ్టు లేదే అవ్వా. మొత్తం బంద్."

అవ్వ కొంగు సర్దుకుని, బయటి తలుపు తీసి, వాకిట్లోకి వెళ్లి నిలబడింది. ఎండ కళ్లలో పడి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లి ఆమె వెనకాలే గడప దాకా వచ్చి, ముందు కాలు ఒకటి బయట పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. అన్న గోడకు ఆనుకుని చూస్తున్నాడు. గడ్డం మీదుగా కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

ఆ సమ్మె రోజుల్లో మా అవ్వను చూడాలి! రోడ్డు మీద పొయ్యిలు పెట్టి అందరూ కలిసి వండుకు తింటుంటే ఉల్లిగడ్డల కుప్ప ముందు ఈమే. జై తెలంగాణ అని అరిచి అరిచి గొంతు పోయి, సైగలతో మాట్లాడేది. జనగామ నుంచి వచ్చిన మా మేనత్త ఆమెను చూసి "గీమె మా వదినెనేనా?" అంది. బతుకమ్మ వచ్చింది. ఆ ఏడాది రోడ్ల మీదే ఆడారు. అవ్వ దూరంగా నిలబడి ఉంటే పెద్దమ్మే చెయ్యి పట్టి వలయంలోకి లాగింది. పెద్దమ్మ మొగుడూ కొడుకులూ పక్కనే నిలబడి ఉన్నారు, అవ్వ వాళ్ల ముందు నుంచే తిరుగుతూ చప్పట్లు కొట్టింది. ఏమీ కాలేదు. ఎవరి మీదా ఏ బండా పడలేదు. ఇంట్లో రాట్నం ఊరికే పడి ఉంది, పిల్లి గల్లీ చివరిదాకా పోయి వస్తోంది.

ఒక మధ్యాహ్నం టెంటులో కూర్చుని అవ్వ అన్నను అడిగింది: "రాష్ట్రం వస్తదా బిడ్డా?"

"వస్తదే. రాక ఏడికి పోతది?"

"వచ్చినంక మల్ల బాయిల దిగాల్నా?"

"దిగాలె గదనే. పని పనే గద."

అవ్వ చేతిలోని జెండా గుడ్డను మడతపెట్టి విప్పి మళ్లీ మడతపెట్టింది.

రాష్ట్రం రాలేదు గానీ సమ్మె ఆగింది. పనిలోకి పొమ్మన్నారు. ఆ పొద్దున అన్న బూట్లు తొడుక్కుని, సద్ది సంచి భుజాన వేసుకుని గడపలో నిలబడ్డాడు. లోపలి గది తలుపు మూసి ఉంది.

"అవ్వా, ఇన్నొద్దులు నా కండ్ల ముందటనే తిరిగినవు. నాకేమైందే? గడప దాక రా. ఒక్కసారి ఎదురుంగ రా, చూసి పోత."

సైరన్ మోగింది. లోపల అవ్వ ఊపిరి మాకు వినిపిస్తోంది, అంటే తలుపు వెనకాలే నిలబడి ఉందన్నమాట. గడియ కొంచెం కదిలింది.  తరువాత అడుగులు వెనక్కి పోయిన చప్పుడు, ఆ వెంటనే గరగరమని రాట్నం. అన్న బూట్ల లేసు కట్టుకోవడానికన్నట్టు వంగి చాలాసేపు లేవలేదు. లేచి, గేటు వేసుకుని పోయాడు. ఆ తర్వాత ప్రతి పొద్దునా అదే అడిగేవాడు, ప్రతిసారీ లోపల రాట్నమే తిరిగేది.

ఆ చలికాలంలోనే అవ్వ పోయింది. రోగం లేదు, రొష్టు లేదు. రాట్నం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది, చేతిలో ఎండుచేప ముక్క. పిల్లి ఆమె ఒడిలో పడుకుని ఉంది. చక్రానికి కట్టె అడ్డం పెట్టే ఉంది.

మహబూబాబాద్ నుంచి, జనగామ నుంచి చుట్టాలు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పాడె లేపారు. నిప్పుల కుండ పట్టుకుని అన్న ముందు నడిచాడు, మేము వెనకాల. గల్లీ సగం దాటామో లేదో, రెండో షిఫ్టు సైరన్ మోగింది. ఎదురుగా డ్యూటీకి పోతున్నవాళ్లు సైకిళ్లు, బండ్లు ఆపి దిగారు.  వెనక్కి తిరిగి ఇళ్లకు పోతారనుకున్నాను. పోలేదు. టోపీలు తీసి దండం పెట్టారు. నా పక్కన వెక్కి వెక్కి ఏడుస్తున్న పెద్దమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, వాళ్లలో ఉన్న తన కొడుకును చూసి గట్టిగా చెప్పింది.

"పీనుగ ఎదురొచ్చిందిరా, మంచి శకునం. పో బిడ్డా, ఇయ్యాల నీకు మంచిగనే ఉంటది."

వాడు పాడెకు ఇంకోసారి దండం పెట్టి, సంతోషంగా బండి ఎక్కాడు. పెద్దమ్మ మంచి మనసుతోనే అంది, నాకు తెలుసు. అయినా ఆమె గొంతు పిసకాలనిపించింది.

ముందు పోతున్న అన్న ఆ మాట విన్నాడు. నడక ఆపాడు. కుండ చేతిలో పట్టుకునే వెనక్కి తిరిగి పాడెకు ఎదురుగా నిలబడ్డాడు. కుండ పట్టినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. "తిరుగొద్దురా! అరిష్టం! నడువు!" అని పెద్దలు అరిచారు. సైరన్ ఇంకా మోగుతూనే ఉంది.

"సైరన్ మోగంగ ఒక్కసారి నా ఎదురుంగ రావే అని ఎన్నొద్దుల నుంచి అడిగిన" అన్నాడు అన్న. "ఇయ్యాల వచ్చింది. జర చూడనియ్యుండ్రి."

మోసేవాళ్లు ఆగారు. ఎవరూ మళ్లీ అరవలేదు. పిల్లి ఎప్పుడు బయటికొచ్చిందో, పాడె కింది నుంచి అందరి ముందూ అడ్డంగా నడిచి గల్లీ చివరికి పోయి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. దాన్ని కూడా ఎవరూ అదిలించలేదు.